వార్షిక నివేదిక: దాడికి గురైన నర్సుల బాగోగులు

గౌరవ సభ్యులకు నమస్కారం. సభ్యత్వ నమోదు, మే 12న నర్సుల దినోత్సవం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టీని విడిగా జతపరిచాము. ఈ ఏడాది మన నర్సుల సంఘం కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించింది మాత్రం ఆసుపత్రుల్లో దాడులకు గురైన మన సోదరీమణుల కోసమే.

శ్రీకాకుళం, టెక్కలి, పలాసలలో కలిసిన సభ్యులు దాడి జరిగిన రోజు గురించి కన్నా ఆ తరువాతి నెలల గురించే ఎక్కువగా చెప్పుకున్నారు. క్యాజువాలిటీలో రోగి బంధువు చేత చెంపదెబ్బ తిన్న ఒక స్టాఫ్ నర్సు నేటికీ గుమ్మానికి వీపు పెట్టి నిలబడలేరు. డ్రిప్ పెడుతూనే తలుపు వంక చూస్తుంటారు, పేరు కనబడకుండా గుర్తింపు కార్డును తిప్పి వేసుకుంటారు. బుగ్గ మీది వాపు రెండు రోజుల్లోనే తగ్గింది కానీ, నైట్ డ్యూటీ పడిందంటే ముందు రోజు నుంచే ఆమెకు అన్నం సహించదు. ఇంట్లో చెబితే ఉద్యోగం మానేయమంటారని అక్కడా చెప్పలేదు. నిద్రలేమి, ఉలికిపాటు, జరిగింది పదేపదే కళ్ల ముందు మెదలడం నెల దాటినా తగ్గకపోతే వైద్యం అవసరమని రోగులకు చెప్పే మనమే, మన వరకు వచ్చేసరికి ఓర్చుకుంటున్నాము.

ఈ బాధ ముదరడానికి దాడి ఒక్కటే కారణం కాదు. అవతలి పక్షం పెద్దలు వచ్చి మాట్లాడటం, పైవారు 'పోనీలే అమ్మా' అని రాజీకి ఒప్పించడం, మర్నాడు అదే వార్డులో డ్యూటీ వేయడం చూశాక తనకు అండ లేదన్న భావన నర్సు మనసులో పాతుకుపోతోంది. ఇటువంటి దాడులకు మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధించే రాష్ట్ర చట్టం 2008 నుంచే ఉన్నదని చాలామంది సభ్యులకు సమావేశాల్లోనే తెలిసింది. దాడి జరిగిన ఆరు గంటల్లోపు ఆసుపత్రి తరఫునే ఫిర్యాదు నమోదు చేయించాలని 2024 ఆగస్టులో కేంద్రం తన ఆసుపత్రులను ఆదేశించింది. ఆ పద్ధతినే మన జిల్లాలోనూ పాటించాలని సూపరింటెండెంట్లకు వినతిపత్రాలు ఇచ్చాము. బాధితురాలు ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కే పరిస్థితి పోవాలన్నది మా పట్టుదల.

1973లో ముంబయిలో పనిచేసే చోటే దాడికి గురై, 2015లో కన్నుమూసేవరకు మంచానికే పరిమితమైన నర్సు అరుణా షాన్‌బాగ్‌ను అన్నేళ్లూ కనిపెట్టుకుని ఉన్నది తోటి నర్సులే. మనమూ మనవారిని అలాగే చూసుకోవాలి. రాబోయే ఏడాది నుంచి, దాడి జరిగిన నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఒక్కోసారి చొప్పున కార్యవర్గ సభ్యురాలు స్వయంగా వెళ్లి బాధితురాలిని పలకరిస్తారు. కోరినవారిని మానసిక వైద్యుల వద్దకు వెంట తీసుకువెళతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. స్టేషన్‌కు, ఆసుపత్రికి తోడు వెళ్లగలిగిన సభ్యులు తమ పేర్లను కార్యదర్శి వద్ద నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాము.