మా చిన్నమ్మ సంచి విప్పి చూడండి: మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది గడ్చిరోలి జిల్లా, సిరోంచా తాలూకా. గోదావరికి ఇవతల మేము, అవతల తెలంగాణలోని కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి వైపు ఊళ్లలో గోండి, మాడియా. మా తాలూకాలో ఎవరికి ఏ జబ్బుందో, ఏం అవసరమో మా భాషల్లో ఇల్లిల్లూ అడిగి లెక్క తీయించమని కోరడానికే ఈ లేఖ. దీన్ని మరాఠీలో రాసి మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. ఇక్కడ తెలుగులో రాసేది మా ఊళ్లవాళ్లు కూడా చదివి, తప్పుంటే నన్ను దిద్దాలని.

మా చిన్నమ్మకు 60 దాటాయి. ఆమె ఇంట్లో దూలానికి కొట్టిన మేకుకు బట్టల షాపు సంచి ఒకటి వేలాడుతుంటుంది. అందులో ఏడేళ్ల కాగితాలున్నాయి. మంచిర్యాలలో చేయించుకున్న షుగర్ పరీక్షలు, కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, చెన్నూరు మందుల షాపు బిల్లులు, నూనె మరకలు పడి అక్షరాలు అలుక్కుపోయిన ఒక చీటీ. సగం వాడిన గోళీల రేకు ఆ చీటీకే రబ్బరు బ్యాండుతో చుట్టి పెట్టింది, షాపులో చూపించి మళ్లీ అవే కొనుక్కోవాలని. మన సర్కారు దవాఖాన రిజిస్టర్‌లో ఆమె పేరు ఒక్కసారే ఉంది, జ్వరం వచ్చినప్పుడు రాసింది. అంటే మన రాష్ట్రం లెక్కలో మా చిన్నమ్మకు షుగర్ లేదు. కన్ను పోబోయి దక్కిన సంగతీ లేదు.

ఆమెను తప్పు పట్టలేం. జిల్లా కేంద్రం మాకు 200 కిలోమీటర్ల పైమాట, అందులో ఆలాపల్లి దాకా రోడ్డు ఎట్లుంటుందో ఆ దారిన వచ్చిన మీ అధికారులకే తెలుసు. అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత వంతెన దాటితే చెన్నూరు, అక్కడి నుంచి మంచిర్యాల. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. డాక్టరు తెలుగులో మాట్లాడతాడు. అయితే కంటి ఆపరేషన్ అప్పుడు మన రాష్ట్ర ఆరోగ్య కార్డు అక్కడ చెల్లలేదు. అప్పు తెచ్చి కట్టింది, పత్తి అమ్మాక తీర్చింది. ఇట్లాంటి సంచి మా వాడలో చాలా ఇళ్లల్లో ఉంది.

ఏటా జిల్లా ఆరోగ్య ప్రణాళిక తయారవుతుంది. దానికి ఆధారం ఎక్కువగా దవాఖానకు వచ్చినవాళ్ల లెక్కే. రానివాళ్ల లెక్క అందులో ఉండదు. వచ్చేవాళ్లు తక్కువైతే ఇక్కడ అవసరమే తక్కువని అనుకుంటారు. ఆ లెక్కన మందులు తక్కువ వస్తాయి, డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నా ఎవరికీ తొందర ఉండదు. మందులు లేవని తెలిసి జనం ఇంకా తగ్గుతారు.

ఇక నిబంధనల ప్రకారం గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉప కేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఇది తలల లెక్క. అది కూడా 2011 జనగణన నాటిది, అప్పుడు జిల్లా జనాభా 10.72 లక్షలు. ఆ తలల్లో ఎన్నింటికి బీపీ ఉందో, ఎంతమంది ఆడవాళ్లు రక్తం లేక నీరసించి ఉన్నారో ఆ లెక్క చెప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది కదా అంటారు. 2019–21లో అది దేశమంతా 707 జిల్లాల్లో 6.36 లక్షల ఇళ్లు తిరిగింది, అంటే సగటున జిల్లాకు 900 ఇళ్లు. మంచి సర్వే, కాదనను. కానీ రైలు వెళ్లే వడసా నుంచి మా సిరోంచా దాకా 12 తాలూకాలను కలిపి తీసిన సగటులో మేము ఎక్కడున్నామో కనిపించదు.

ఇల్లిల్లూ తిరిగి అడగడం మన జిల్లాకు కొత్త కాదు. డాక్టర్ రాణీ బంగ్ గారు గడ్చిరోలిలోనే రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించారు. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం నూటికి 92 మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయి. అంతకు ముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే. దవాఖాన రిజిస్టర్లు చూసి కూర్చుంటే ఆ 92 ఎప్పటికీ బయటపడేది కాదు. ప్రపంచానికి ఈ సంగతి నేర్పిన జిల్లాలోనే, దక్షిణపు కొసన ఉన్న మమ్మల్ని మా భాషలో అడిగినవాళ్లు లేరు.

భాష అని ఎందుకంటున్నానో చెప్తాను. ఒక సర్వే నాడు నేను మా పక్కింటి అరుగు మీదే ఉన్నాను. వచ్చినామె "కాహీ త్రాస్ ఆహే కా?" అని అడిగింది. మరాఠీలో త్రాస్ అంటే బాధ, మా అవ్వలకు త్రాసు అంటే తూకం వేసేది. అవ్వ ఒక క్షణం చూసి "నాహీ" అంది. వచ్చినామె టిక్కు పెట్టుకుని లేచింది. ఆమె వెళ్లాక అవ్వ మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో లేచింది. తెల్లబట్ట, నెలసరి, కాన్పు తర్వాత జారిన గర్భసంచి, ఇవి తెలుగులోనే నోరు తెరిచి చెప్పరు. వేరే భాషలో, అరుగు మీద, మగవాళ్ల ముందు అడిగితే ఏం చెప్తారు?

కాబట్టి అయ్యా, సిరోంచాలో ఆరోగ్య అవసరాల అంచనా విడిగా చేయించండి. అడిగేవాళ్లు తెలుగు, గోండి, మాడియా మాట్లాడేవాళ్లై ఉండాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే, ఇంటి లోపల అడగాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం వద్దు. ఆ నెలల్లో కూలీ కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు పోతాయి. ఎక్కువ జబ్బులున్నది ఆ ఇళ్లల్లోనే, సర్వే వాళ్లకు దొరికేది తాళం. దసరా, దీపావళి మధ్య రండి. వానల తర్వాతి మలేరియా కూడా అప్పుడే తెలుస్తుంది.

30 దాటినవాళ్లకు ఆశా వర్కర్లు నింపే ఫారం ఇప్పటికే ఉంది. దానికి ఒక్క పేజీ కలపండి: ఏ జబ్బుకు ఏ ఊళ్లో చూపించుకుంటున్నారు, ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు. సంచి తెమ్మని అడిగి కాగితాలు చూసి రాయమనండి. ఆశా మీద ఇప్పటికే రిజిస్టర్ల బరువుంది, ఈ పనికి వేరే డబ్బు ఇవ్వాలి. గత రెండేళ్లలో చావు జరిగిన ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏమైందో ఇంటివాళ్లను నిదానంగా అడగాలి. మా దగ్గర చాలా చావులు "జ్వరం", "ముసలితనం" అనే రెండు మాటల్లో ముగిసిపోతున్నాయి.

తెలంగాణ ఆరోగ్య శాఖకు మీరు ఒక ఉత్తరం రాస్తే మరో దారి తెరుచుకుంటుంది. అక్కడి సర్కారు దవాఖానల్లో సిరోంచా చిరునామాతో ఎన్ని కాన్పులు, ఎన్ని డయాలసిస్‌లు, ఎన్ని పాముకాట్లు? పేర్లు అక్కర్లేదు. ఊరు, వయసు, జబ్బు చాలు.

లెక్క తేలాక దాన్ని ముంబైలోనే ఉంచకండి. మాది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతం, గ్రామసభకు అధికారం ఉంది. సభలో తెలుగులో, గోండిలో చదివి వినిపించి, ముందు ఏది కావాలో ఊరివాళ్లనే చెప్పనివ్వండి. షుగర్, బీపీ గోళీలు నెల నెలా ఉప కేంద్రంలో దొరకాలని నేననుకుంటున్నాను. మా అవ్వ మోకాళ్ల గురించి అడుగుతుందేమో. పై ఊళ్లవాళ్లు వానాకాలంలో వాగు దాటించే అంబులెన్స్ కావాలంటారేమో. వాళ్లు చెప్పింది వచ్చే ఏడాది ప్రణాళికలో ఏ పేజీలో ఉందో, లేకపోతే ఎందుకు లేదో, అదే సభలో మీ అధికారి వచ్చి చెప్పాలి.

ఇట్లు,
సిరోంచా తాలూకా నివాసి