నన్ను నిద్రపోనిచ్చిన మీ అందరికీ వందనాలు

అందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు. మావారి ఆరోగ్యం ఎలా ఉందని ఫోన్లు, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ జవాబు ఇవ్వలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. మా ఉద్దానం ప్రాంతాన్ని పట్టిన కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బీపీ, షుగర్ ఏమీ లేని మనిషికి వచ్చింది. చుట్టూ కొబ్బరి తోటలే, కానీ పొటాషియం పెరుగుతుందని ఆయన కొబ్బరినీళ్లు ముట్టకూడదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద. దీనికంతటికీ అలవాటు పడ్డాం. ఈమధ్య ఆ మిషన్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోయి, రాత్రికి రాత్రి ఆయాసం వచ్చేసింది.

ఆ రాత్రి ఆటో తీసిన తమ్ముడూ, నువ్వు మా సంఘం వాడివి కూడా కాదు. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నావు. నీ ఇల్లు చల్లగా ఉండాలి నాయనా. డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం వేశాక కట్టు తడవకుండా ఎలా చూసుకోవాలో ఓపిగ్గా నేర్పిన సిస్టర్లకు వందనాలు. స్త్రీల సమాజం అక్కలకు, పిన్నులకు ఎలా రుణం తీర్చుకోను? కూరముక్కలు ఒకసారి ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉప్పు తగ్గించి వండి ఆయనకొక కేరేజీ. పిల్లలకు మామూలు కూరతో ఇంకొకటి. ఇన్నాళ్లూ మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు.

మా పాస్టరు అయ్యగారి భార్య అమ్మగారు చేసిన మేలు వేరు. ఆసుపత్రి నుంచి వచ్చాక నాకు కునుకు లేదు. రిపోర్టులో కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ అంకె చూడడం, ఆయన ఊపిరి వినడం, మళ్లీ రిపోర్టు తియ్యడం. ఆవిడ వచ్చి బైబిలు తెరవలేదు. చోడి అంబలి తాగించి, “నువ్వు పడుకో అమ్మా, ఆయన దగ్గర నేను కూర్చుంటాను” అన్నారు. నేను లేచాకే బైబిల్లోని ఏలీయా ప్రవక్త సంగతి చెప్పారు. ఇక చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నవాడికి దేవదూత ముందు రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. ప్రయాణం మాట రెండోసారి లేపినప్పుడే ఎత్తాడు.

ఇప్పుడు కొత్త ఫిస్టులా వేశారు. అందులో వెంటనే సూది గుచ్చకూడదు, నరం లావై గట్టిపడడానికి వారాలు పడుతుంది. అంతవరకు మావారు చెయ్యగలిగింది రబ్బరు బంతి పిసకడం. పొద్దున, సాయంత్రం పిసుకుతున్నారు. మణికట్టు మీద నేను వేళ్లు ఆనిస్తే చర్మం కింద సన్నగా జుమ్మంటుంది. బంతి పిసకడం మా వంతు, నరం బలపడడం దేవుని వంతు. మార్కు 4లో విత్తనం చల్లిన మనిషి రాత్రి నిద్రపోతాడు, పగలు లేస్తాడు, అది ఎలా పెరుగుతుందో అతనికి తెలియదు. ఎన్ని ఆదివారాలు విన్న వాక్యమో! ఆ మనిషి హాయిగా నిద్రపోయాడన్న సంగతి ఇప్పుడు నా మనసుకు పట్టింది.

ప్రార్థన చేసుకుని మిషన్ మానెయ్యండి, అదే విశ్వాసం అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. విత్తనం చల్లకుండా నిద్రపోయినవాడి గురించి ప్రభువు ఆ ఉపమానం చెప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరిచెట్లు పడిపోతే, మావారు గోతులు తవ్వి మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్లు పడుతుందని తెలిసే నాటారు.

చనిపోయినవారి అవయవాలు అవసరమైనవాళ్లకు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో ఆయన పేరు నమోదు చేయించాం. కిడ్నీ దొరికిందని మాకు ఫోన్ వచ్చిన రోజున ఇంకో ఇంట్లో ఏడుపు ఉంటుంది. అందుకే త్వరగా రావాలని అడగడానికి నాకు నోరు రావడం లేదు. ఎప్పుడో, అసలు వస్తుందో లేదో, ఆ సంగతి ప్రభువుకే వదిలేశాను. మీరు ప్రార్థన చేసేటప్పుడు ఎవరో తెలియని ఆ కుటుంబాన్ని కూడా తలచుకోండి.

కేరేజీలన్నీ కడిగి పెట్టాను. కొన్నింటి మీద పేర్లు లేవు. ఆదివారం ఆరాధనకు తెస్తాను, ఎవరివి వాళ్లు చూసుకుని తీసుకోండి.