పెద్దమామను ఎవరూ అడగలేదు

నాయనా దానియేలూ,

ప్రభువు కృప నీకు తోడుండుగాక. ఇక్కడ అందరం బాగున్నాం. శనగ ఈసారి బాగా మొలిచింది. క్రిస్మస్ వస్తోందని చర్చికి సున్నం వేయిస్తున్నారు. మీ నాయన పొద్దున పోతే మధ్యాహ్నం అన్నానికి కూడా ఇంటికి రావడం లేదు. జేజికి మోకాళ్ళ నొప్పి ఎక్కువైంది, అయినా కొత్త చీర మాత్రం తెల్లదే కావాలంటోంది.

నువ్వు ఫోన్ ఎత్తడం మానేసి చాన్నాళ్ళైంది. ‘ప్రార్థనలో ఉన్నా, తర్వాత చేస్తా’ అని మెసేజ్ పెడతావు, ఆ తర్వాత చెయ్యవు. ఆదివారం ఆరాధన అయినాక శాంతత్త నా పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. అది తర్వాత రాస్తా.

ఉపవాసాలు మరీ ఎక్కువ చేస్తున్నావని కూడా విన్నా. శుక్రవారం ఒక్క పూట అయితే సరే. నీకు చిన్నప్పటి నుంచి కడుపులో మంట. ఉపవాసం విడిచేటప్పుడు ఖాళీ కడుపున టీ తాగొద్దు, రాగిజావ కాచుకో. రూములో స్టవ్ ఉందా, లేక అది కూడా ఎవరికైనా ఇచ్చేశావా? పోయినసారి దుప్పటి అట్లాగే ఇచ్చేశావు.

శాంతత్త చెప్పింది ఇది. ఈసారి డీఎస్సీకి ఎస్సీ కోటాలో అప్లికేషన్ పెట్టనన్నావంట. ఎస్సీ సర్టిఫికెట్ వాపసు ఇచ్చి, క్రైస్తవులైన ఎస్సీలకు పెట్టిన బీసీ-సీ రాయించుకుంటానని మీ సంఘంలో అందరి ముందర నిలబడి సాక్ష్యం చెప్పావంట. నిజమేనా? హైదరాబాదులో సంఘమంతటికీ తెలిసిన సంగతి జమ్మలమడుగులో కన్నతల్లికి తెలియలేదు.

నీ మనసు ఎందుకు కలతపడిందో నాకు తెలుసు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడే నువ్వు అదోలా అయిపోయావు. చర్చికి పోతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నారు కదా. 1950 ఉత్తర్వులో ఎస్సీ అంటే హిందువులే అన్నారు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ప్రభువును నమ్ముకున్నంత మాత్రాన ఊరి బయట ఉన్న మన వీధి ఊరి మధ్యకు జరిగిందా? నీతో కలిసి చదివిన పిల్లలు నిన్ను ఇంట్లోకి పిలిచారా? మతం మారిన దళితులను ఎస్సీల్లో చేర్చాలా వద్దా చూడమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, చేర్చమని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఏదో ఒకటి తేలేదాకా ఆగమని మీ నాయన మాట. ఎస్సీల పదిహేను శాతం వదులుకుని బీసీ-సీ ఒక్క శాతంలోకి పోతావా అని రాత్రంతా అదే టెన్షన్ పడుతున్నాడు.

అబద్ధమాడమని నేను చెప్పను. అట్లా చెప్పే నోరు మా నాయన నాకు ఇవ్వలేదు.

జాతరలో డప్పు కొట్టనన్నందుకు మా అబ్బకు ఊరి పనికి కూలిగా ఇచ్చే మేర గింజలు ఆపేసిన సంగతి నీకు తెలుసు. మా నాయన సంగతి నువ్వు సగమే విన్నావు. 1978లో పెద్దమామ పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆశ. కరణం మంచాయనే, మా నాయనను పిలిచి, ‘ఏమప్పా, హిందూ అని ఒక్క మాట రాయించుకో, సీటు వస్తుంది, హాస్టలు వస్తుంది, పిల్లోడు బాగుపడతాడు’ అన్నాడు. మా నాయన చేతులు కట్టుకునే నిలబడ్డాడు గానీ, ‘పేతురు చలిమంట దగ్గర ఆయనెవరో నాకు తెలీదన్నాడయ్యా, కోడి కూసినాక ఎంత ఏడ్చినాడో నేను ప్రతి ఏడూ బోధిస్తా. నేనే ఆ మాట అంటే ఎట్లా?’ అన్నాడు. క్రైస్తవులనే రాయించాడు. ఇంటికొచ్చి అవ్వతో చెప్పాడు, ప్రార్థన చేశాడు, పడుకున్నాడు. పెద్దమామ అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఏడు బీసీ-సీలో సీటు రాలేదు. ఫీజు కట్టి చదివించే స్తోమత లేదు. పెద్దమామ ఎర్రగుంట్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోయాడు. నల్లబండ కోసేటప్పుడు లేచే దుమ్ము ముప్పై ఏళ్ళు పీల్చాడు. ఇప్పుడు మన మెట్లు నాలుగు ఎక్కడానికి రెండుసార్లు ఆగుతాడు. నా చదువూ పదితోనే ఆగింది, దాని గురించి నాకు బాధ లేదు. అన్న దగ్గు రాత్రిపూట వింటే మాత్రం ఉంది.

మా నాయన తప్పు చేశాడని నేను అనను. అన్న కూడా అనడు, సమాధుల దొడ్డికి నాయన పెట్టె మోసేటప్పుడు ముందు భుజం పట్టింది వాడే. ఒకసారి నేనే అడిగాను, నీకు కోపం లేదా అని. ‘నాయన నన్ను అడిగుంటే, నేనే రాయించొద్దనేవాణ్ణి చెల్లీ’ అన్నాడు. ఇంకేం అనలేదు.

నీకు చెప్పేది అదే. తల్లినీ తండ్రినీ నాకంటే ఎక్కువగా ప్రేమించేవాడు నాకు తగడన్న వాక్యం నువ్వు నాకు పంపావు. అది నువ్వు పుట్టకముందే నేను కంఠతా పెట్టిన వాక్యం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది కూడా ఆయనే. సిలువ మీద ఊపిరాడనప్పుడు కూడా తల్లిని యోహానుకు అప్పజెప్పాడు. నువ్వు ఆ లెక్క చూశావా? నీ కాగితం మారితే రేపు నీ చెల్లి మేరీ కాగితం అడగరా? అది నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది, ఫీజు సర్కారు కడుతోంది. దానితో మాట్లాడావా? అది నీకంటే చిన్నదైనా దానికీ విశ్వాసముంది, సరే అని కూడా అనొచ్చు. కానీ ఆ మాట అనాల్సింది అది, నువ్వు కాదు. మీ సంఘం వాళ్ళు చప్పట్లు కొడతారు, ఫీజు కట్టరు.

ఉత్తరం కాస్తా ఉపదేశమైంది. అయినా ఏదీ కొట్టేయను, చదువు.

శనివారం సాయంత్రం ఫోన్ చెయ్. మేరీ హాస్టలు నుంచి వస్తుంది, పెద్దమామను కూడా పిలిచి పెడతా. అప్పటిదాకా ఏ ఆఫీసుకూ పోవద్దు. చెనిక్కాయల పొడి, జొన్నరొట్టెలు, నీ నీలం స్వెట్టరు పార్సిల్ వేశా. స్వెట్టరు ఎవరికీ ఇవ్వొద్దు.

మీ అమ్మ