పిలకాయల సినిమా, పెద్దోళ్ల పంచాయితీ

సంపాదకుల వారికి,

అయ్యా,

పోయిన నెల మా మనవరాలి స్కూల్లో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిలకాయల్ని సినిమాకి తీసుకుపోతామని తలా 150 రూపాయలు కట్టించుకున్నారు. అది బొమ్మల సినిమా, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి డబ్బింగ్ చేసింది. బయల్దేరే ముందు రోజు రాత్రి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ సినిమాలో మన సంస్కృతికి సరిపడని సంగతులున్నాయంట, పిల్లలు పాడైపోతారంట. "మీరు చూశారా అండీ?" అని ఒకామె అడిగితే, "నేను చూళ్లేదు, మా బావమరిది ఫ్రెండు చెప్పాడు" అని జవాబు. పది నిమిషాల్లో గ్రూపు నిండా దండాల బొమ్మలు, కోపం బొమ్మలు. తెల్లారి ఏడింటికి స్కూలు వాళ్లు "ప్రోగ్రాం క్యాన్సిల్" అని పెట్టేశారు. మా పిల్ల అప్పటికే రెండు జడలేయించుకుని, నీళ్ల బాటిల్ మెడలో తగిలించుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

నేను 31 ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. ఊరుకోలేక ఆ ఆదివారం కావలి నుంచి నెల్లూరు పోయి, టికెట్టు కొని ఆ సినిమా చూసొచ్చాను. సంస్కృతికి ముప్పేమీ కనబడలేదు. రెండో సగం కాస్త బోరు కొట్టింది, అది వేరే సంగతి. నన్ను కలవరపెట్టింది పక్క స్క్రీను. అందులో ఆడేది తలలు తెగిపడే యాక్షన్ సినిమా, పదహారేళ్లు దాటిన వాళ్లకని సర్టిఫికెట్టున్నది. దానికి చంకలో పిల్లలతో, చేత్తో పట్టుకున్న పిల్లలతో కుటుంబాలకి కుటుంబాలే లోపలికి పోతున్నాయి. వాళ్లలో మా గ్రూపులో దండం బొమ్మ పెట్టిన ఒకాయన కూడా ఉన్నాడు. పాప్‌కార్న్ డబ్బా పట్టుకున్న ఆయన కొడుకు మా మనవరాలి క్లాసే.

పిల్లల సినిమాల మీద పెద్దలు గొడవపడటం వాట్సాప్‌తో మొదలవలేదు. 1942లో డిస్నీ వాళ్ల 'బాంబి' వచ్చింది. వేటగాళ్ల తుపాకికి తల్లి జింక చచ్చిపోతే పిల్ల జింక మంచులో అమ్మ కోసం వెతుక్కుంటుంది. హాల్లో ఏడ్చింది పిల్లలు, కోపం వచ్చింది మాత్రం అమెరికాలోని వేటగాళ్లకి. ఇది వేటాడే వాళ్లందరికీ అవమానమని వేట పత్రిక సంపాదకుడే అభ్యంతరం చెప్పాడు (మీ వృత్తి వాడేనని ఎత్తి చూపడం లేదు, ఏమీ అనుకోవద్దు).

2019లో వచ్చిన 'అబామినబుల్' సంగతి ఇంకా విచిత్రం. చైనాలో ఒక అమ్మాయి, దారి తప్పిన యతిని (మంచుమనిషిని) హిమాలయాలకి చేర్చే కథ. అమెరికా కంపెనీ, చైనా కంపెనీ కలిసి తీశాయి. ఒక సీన్లో వెనకాల మ్యాపు ఉంది. దాంట్లో దక్షిణ చైనా సముద్రం చుట్టూ గీతలు. ఆ గీతలు ఒప్పుకుంటే ఆ సముద్రంలో చాలా భాగం చైనాదైపోతుంది. దాంతో వియత్నాం వాళ్లు అప్పటికే ఆడుతున్న సినిమాని హాళ్లలోంచి తీయించేశారు. మలేసియా ఆ సీను కోసేయమంది, తీసిన వాళ్లు కోసేది లేదన్నారు, అక్కడ విడుదలే కాలేదు. ఆ దేశాల కోపంలో న్యాయం లేదని నేననను. తమిళనాడు పెద్ద బోట్లు వచ్చి తమ వలలు చింపుతున్నాయని మన జువ్వలదిన్నె వైపు మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. సముద్రంలో హద్దంటే ఏంటో వాళ్లకి తెలుసు. కానీ ఆ తగవు పిల్లలది కాదు. హాల్లో పిల్లలు యతిని చూస్తుంటారు, వెనకాల మ్యాపుని కాదు.

అలాగని గొడవలన్నీ పనికిమాలినవని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 2018లో 'షో డాగ్స్' అనే సినిమా వచ్చింది. పోలీసు కుక్క ఒకటి మారువేషంలో కుక్కల పోటీకి పోతుంది. ఆ పోటీలో జడ్జీలు కుక్క మర్మాంగాలు కూడా తడిమి చూస్తారు. ఈ కుక్కకి అది నచ్చదు. అప్పుడు దాన్ని పోటీకి తయారుచేసే వాళ్లు, "కదలకుండా ఉండు, మనసుని ఎక్కడికో ఒక మంచి చోటికి తీసుకుపో" అని నేర్పిస్తారు. అది ఓర్చుకుంటుంది, గెలుపు దగ్గరికి పోతుంది. పిల్లలు నవ్వుకునే సీను. సినిమా చూసొచ్చిన ఒక తల్లికి మాత్రం నవ్వు రాలేదు. పిల్లల్ని పాడుచేసే వాళ్లు పిల్లలకి చెప్పే మాటలు అచ్చం ఇవే కదా అని ఆమె రాసింది. పిల్లల రక్షణ కోసం పనిచేసే వాళ్లు అవునన్నారు. పంపిణీ కంపెనీ ముందు క్షమాపణతో సరిపెట్టబోయింది, తర్వాత ఆ సీన్లు తీసేసి సినిమాని మళ్లీ హాళ్లకి పంపింది.

మన బళ్లలో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని చార్టులు కట్టి నేర్పుతున్నాం. "నచ్చకపోతే గట్టిగా అరువు, పారిపో, అమ్మకి చెప్పు" అని నేనే కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఒక్క నవ్వులాట సీను దాన్నంతా తుడిచేయగలదు. ఆ తల్లి చేసిన పని చూడండి. సినిమా చూసింది. ఏ సీనో చెప్పింది. ఎందుకు తప్పో చెప్పింది. బావమరిది ఫ్రెండు ఊసే లేదు.

అదే ఏడాది 'పీటర్ రాబిట్'లో కుందేళ్లు ఒక మనిషి మీదకి అతనికి పడని పండ్లు విసురుతాయి, ఒకటి నోట్లో పడి అతను ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు. అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు లేచారు, తీసిన వాళ్లు క్షమాపణ చెప్పారు. దీన్ని చాలామంది ఎగతాళి చేశారు. నా క్లాసులో ఒక పిల్లాడికి రొయ్యలు పడేవి కావు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే, వాడు మాత్రం మూతి వాచిపోతుందని దూరంగా కూర్చుని తినేవాడు. ఒకరోజు పక్కవాళ్లు సరదాకి వాడి పెరుగన్నంలో రొయ్య పొట్టు కలిపారు. వాడి కళ్లు మూసుకుపోతే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేను. అందుకే నాకు ఎగతాళి చేయాలనిపించలేదు.

2016లో 'ది జంగిల్ బుక్'కి మన సెన్సారు బోర్డు యు (అందరూ చూడొచ్చు) ఇవ్వకుండా యు/ఎ (చిన్నపిల్లలకి చూపించాలా వద్దా పెద్దలు చూసుకోవాలి) ఇచ్చినప్పుడు కూడా దేశమంతా నవ్వింది. త్రీడీలో జంతువులు మీదకి దూకినట్టుంటాయి, పిల్లలు జడుసుకుంటారు అని అప్పటి బోర్డు అధ్యక్షుడు పహ్లాజ్ నిహలానీ చెప్పాడు. ఆయన మిగతా నిర్ణయాల జోలికి నేను పోను. ఇందులో మాత్రం కనీసం కుర్చీలో కూర్చున్న పిల్లవాడి గురించి ఆలోచించాడు.

మన జిల్లా వాడే అయిన మల్లెమాల (ఎం.ఎస్. రెడ్డి) 1997లో పిల్లలతోనే 'రామాయణం' తీయించాడు, గుణశేఖర్ దర్శకుడు. దానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నా తరగతి మొత్తాన్ని వరసకట్టి హాలుకి నడిపించుకుపోయాను. తర్వాత నెల రోజులు బడిలో చీపురుపుల్లల బాణాలే. ఒకడికి కంటి పక్కన గీసుకుపోయింది. చీపుర్లు దాచిపెట్టుకున్నామే గానీ, రాముడి సినిమా ఎందుకు చూపించారని ఏ తల్లీ నా మీదకి రాలేదు. ఇప్పుడైతే వాయిస్ మెసేజ్ వచ్చేదేమో.

ఇక నేను అడగదలుచుకున్నది. మన దేశంలో యు/ఎ సర్టిఫికెట్టు 1983 నుంచి ఉంది. 2023లో చట్టం మార్చి, ఆ తర్వాతి ఏడాది కొత్త నిబంధనలతో దాన్ని ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటిన వాళ్లకని మూడుగా విడదీశారు. ఇది ఎ సర్టిఫికెట్టులాగా గేటు దగ్గర ఆపేది కాదు, తల్లిదండ్రులకి చెప్పే మాట. ఆ మాట పోస్టరు మూల ఆవగింజంత ఉంటుంది. హాలు కౌంటరు దగ్గర సమోసా రేటు రాసినంత పెద్దగా దీన్ని కూడా రాయించాలని జిల్లా అధికారులని కోరుతున్నాను. మీ పత్రిక జిల్లా పేజీలో ఏ హాల్లో ఏ సినిమా, ఎన్ని ఆటలు అని వేస్తారు కదా. సినిమా పేరు పక్కన ఆ వయసు అంకె ఒక్కటి వేస్తే మీకు పోయేది అరంగుళం చోటు.

స్కూళ్ల వాళ్లకి కూడా ఒక మాట. పిల్లల్ని తీసుకుపోయే ముందు ఇద్దరు టీచర్లు, ఇద్దరు తల్లులు ముందుగా ఆ సినిమా చూసి రండి. నాలుగు టికెట్లు, రానుపోను ఛార్జీలు, అంతే ఖర్చు. ఏదైనా సీను బాగాలేకపోతే ఫలానా సీను అని గ్రూపులో రాయండి. అప్పుడు క్యాన్సిల్ చేసినా పిల్లలకి చెప్పడానికి మా దగ్గర ఒక కారణం ఉంటుంది. ఎందుకు పోలేదు అమ్మమ్మా అని అడిగితే నేనేం చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అన్నట్టు, పిలకాయలు కట్టిన 150 రూపాయలు స్కూలు వాళ్లు ఇంకా తిరిగివ్వలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.