పట్టుచీరలకు కుంకుడు రసం

అందరికీ నమస్కారం. పట్టుచీరలు, ఉన్ని బట్టలు ఉతకడానికి డిటర్జెంట్ పొడి బదులు కుంకుడు రసం వాడండి, మెరుపు చెడదు. 15 కాయలు గింజలు తీసి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పావుగంట సన్నని మంట మీద మరిగించి, చల్లారాక బాగా పిసకండి. గోధుమరంగు నీళ్ల మీద తెల్లటి నురగ పొంగుతుంది. అది తొక్కలోని సపోనిన్లు అనే నురగ పుట్టించే పదార్థాల పని. పలుచటి గుడ్డతో వడకట్టండి. అర బకెట్ నీళ్లకు గ్లాసుడు చాలు.

కొత్త చీరైతే ముందు ఒక మూల తడిపి రంగు దిగుతుందేమో చూడండి. తెల్లబట్టలకు వద్దు, మరక పట్టవచ్చు. ఫ్రిజ్‌లో కొద్ది రోజులే నిలవుంటుంది. పులిసిన వాసన వస్తే పారబోయండి. కళ్లలో పడితే భగ్గున మండుతుంది, పిల్లలకు అందనివ్వకండి. ఉతికిన నీళ్లు మాత్రం దయచేసి చెరువులో కలపకండి, సపోనిన్లు చేపలకు విషం.