పడమటి కిటికీకి ముందు నీడ, తర్వాతే డబుల్ గ్లాస్

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక ఇళ్ల పేజీలో ఈమధ్య పాత కిటికీలు తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేముల్లో డబుల్ గ్లాస్, అంటే మధ్యలో ఖాళీ ఉంచి రెండద్దాలు బిగించిన కిటికీలు పెట్టుకుంటే ఏసీ బిల్లు తగ్గుతుందని రాశారు. అబద్ధమేం కాదు. కానీ ఏ దిక్కు కిటికీ, ఏ రకం అద్దం అన్న సంగతి అందులో ఎక్కడా లేదు. మా హనుమకొండలో ఆ పేజీ కత్తిరించి షాపుకి పట్టుకెళ్లేవాళ్లున్నారు. అందుకే ఈ ఉత్తరం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. వడ్డేపల్లిలో మాది 200 గజాల ఇల్లు, పడమర రోడ్డు. ముందు గదిలో మా కోడలు మగ్గం వర్క్ చేస్తుంది. ఆమెకి పగటి వెలుతురు కావాలి, దారం రంగు తేడా ట్యూబ్‌లైట్ కింద సరిగ్గా తెలియదంటుంది. అదే గది ఎండాకాలం సాయంత్రం కూర్చోలేనట్టు కాగుతుంది. ఏసీ ఆన్‌లో ఉన్నా కిటికీ వైపు భుజం చుర్రుమంటుంది. అందుకని కిటికీలు మార్పిద్దామని ఇటు హనుమకొండలో, అటు వరంగల్‌లో షాపులు తిరిగాం.

ప్రతి షాపులోనూ నేను అడిగింది ఒకటే: ఈ అద్దం ఎస్‌హెచ్‌జీసీ ఎంత? దాని మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. 0.8 అంటే నూటికి 80 వంతులు లోపలికే. ఒకతను ‘మేడమ్, ఇది జర్మన్ టెక్నాలజీ, మీరేం టెన్షన్ పడకండి’ అన్నాడు. ఇంకో షాపులో అద్దం వెనక పెద్ద బల్బు వెలిగించి ఇవతల చెయ్యి పెట్టి చూడమన్నారు. ప్రయోగం బాగుంది, క్లాసులో అయితే మార్కులు వేసేదాన్ని. తీరా చూస్తే బల్బు ముందున్న అద్దం వేరు, మాకిచ్చిన కొటేషన్లో ఉన్న అద్దం వేరు. కొటేషన్లో ‘డబుల్ గ్లాస్, క్లియర్’ అని మాత్రమే ఉంది, అంటే రంగూ పూతా లేని మామూలు అద్దాలు.

ఇక లెక్కకి వస్తాను. ఇది రాయకుండా నాకు తృప్తి ఉండదు. మా పడమటి కిటికీలో చెక్క పోగా అద్దం ఒకటిన్నర చదరపు మీటర్లు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చదరపు మీటరుకి దగ్గరదగ్గర 600 వాట్ల ఎండ పడుతుంది. మామూలు అద్దం గుండా అందులో 80 శాతం, అంటే 720 వాట్లు గదిలోకి వస్తాయి. గదిలో ఇస్త్రీపెట్టె ఆన్ చేసి వదిలేసినట్టే. ఇది కాక బయట 42, లోపల 27 డిగ్రీలు ఉన్నాయనుకుంటే ఆ తేడా వల్ల అద్దం గుండా వచ్చే వేడి ఇంకో 130 వాట్లు. ఒక్క డిగ్రీ తేడాకి చదరపు మీటరు అద్దం గుండా ఎన్ని వాట్లు దాటుతాయో చెప్పే అంకె యూ వాల్యూ. ఒంటి అద్దానికి సుమారు 5.7, మామూలు డబుల్ గ్లాస్‌కి సుమారు 2.8.

అంటే క్లియర్ డబుల్ గ్లాస్ పెడితే ఆ 130 వాట్లు సగానికి తగ్గుతాయి. ఎండ మాత్రం 720లో 630 దాకా అలాగే వస్తుంది. చలిదేశాల్లో రాత్రంతా హీటర్ వేడి బయటికి పోకుండా ఉండాలి కాబట్టి అక్కడ యూ వాల్యూ ముఖ్యం. మనకి ముఖ్యం ఎండ. రెండింతలు డబ్బు పెట్టి చిన్న దొంగని పట్టుకుని పెద్ద దొంగని వదిలేసుకోవడం దేనికి?

పెద్ద దొంగని అద్దం బయటే ఆపాలి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా అప్పటికే ఎండ లోపలికి వచ్చేసింది. కర్టెన్ వేడెక్కి ఆ వేడి గదిలోనే వదులుతుంది, అది చాలావరకు తిరిగి అద్దం దాటి పోదు. బయట నీడ కావాలి. ఇక్కడే దిక్కు సంగతి వస్తుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, ఆ తర్వాత జూన్, జూలైల్లో మధ్యాహ్నం కొంచెం ఉత్తరానికే ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీకి మండు వేసవిలో నేరుగా ఎండ దాదాపు పడదు, మామూలు సజ్జా చాలు. దక్షిణం అనగానే భయపడి అక్కడ ఖరీదైన అద్దం పెట్టించేవాళ్లని చూశాను. పడమట అలా కాదు. సాయంత్రం ఐదింటికి సూర్యుడు 22 డిగ్రీల ఎత్తుకి దిగుతాడు. అడుగున్నర సజ్జా ఇచ్చే నీడ అప్పటికి కిటికీ పైభాగంలో ముప్పావు అడుగు కన్నా ఎక్కువ ఉండదు. తూర్పు కిటికీకి పొద్దున ఇదే కథ. ఉత్తరం కిటికీకి కూడా మే, జూన్ సాయంత్రాల్లో ఏటవాలు ఎండ తగులుతుందంటే చాలామంది నమ్మరు. సూర్యుడు అప్పుడు వాయవ్యం వైపు అస్తమిస్తాడు మరి.

పడమటి కిటికీకి నీడ అంటే పూర్వం వెదురు తడకలు, నీళ్లు చల్లిన వట్టివేళ్ల తట్టీలు. ఇప్పుడు మా దగ్గర కోతులు వాటిని ఉంచవు. దోమల జాలీనే చించేస్తున్నాయి. మేం చివరికి వెల్డింగ్ షాపులో చెప్పి, గ్రిల్‌కి అవతల ఏటవాలు ఇనుప రేకు పట్టీలు ఫ్రేముకి బిగించి, కింద కీలు పెట్టించాం. చలికాలంలో దించుకోవచ్చు. రేకు గోడకి ఆనకుండా జానెడు ఖాళీ ఉంచాం, దాని వేడి పైకి పోవాలి కదా. కోడలికి వెలుతురు కొంచెం తగ్గింది కానీ రంగు తెలియనంత కాదు. మా ఎదురింటివాళ్లు రేకులొద్దని నల్ల అద్దం వేయించారు, పగలే లైటు వేసుకుంటున్నారు. పైగా ముదురు రంగు అద్దం ఎండని మింగి తనే కాగిపోతుంది, పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

నీడ కుదరని చోట, అపార్టుమెంటులో పై అంతస్తు లాంటి చోట, అప్పుడు మంచి అద్దం కొనాల్సిందే. అందులోనూ ‘లో-ఈ’ (వేడిని ఆపే పలచని పూత వేసిన అద్దం) అని రాసి ఉంటే సరిపోదు. అది రెండు రకాలు. ఎండని రానిచ్చి లోపలి వేడిని పట్టి ఉంచేది చలిదేశాల కోసం చేసింది. మనకి కావలసింది ఎండ వేడిని ఆపుతూ వెలుతురుని వదిలేది. ఎస్‌హెచ్‌జీసీ 0.3 దగ్గర ఉండి, వెలుతురు 40, 50 శాతమైనా రావాలి. ఈ రెండంకెలు లేని కొటేషన్ మీద అడ్వాన్స్ ఇవ్వకండి.

ఫ్రేముల గురించి ఎక్కువ చెప్పను. అల్యూమినియం గుండా వేడి యూపీవీసీ కన్నా సుమారు వెయ్యి రెట్లు తేలిగ్గా పోతుంది, అది నిజమే. కానీ టేకు కూడా యూపీవీసీకి ఏమాత్రం తీసిపోదు. మా అత్తగారి కాలం నాటి టేకు చౌకట్లని పీకించి పాత సామాను బండికి అమ్ముకునే తొందర నాకు అర్థం కాదు. రెక్కలు వంగి సందులు పడితే వడ్ల ఆయన్ని పిలిచి చిత్రిక పట్టించి, చుట్టూ రబ్బరు బీడింగ్ వేయిస్తే గాలి కారడం తగ్గుతుంది. యూపీవీసీయే కొనాలనుకుంటే ఫ్రేము లోపల బలానికి స్టీలు ఉందా లేదా అడగండి, తలుపులా పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీ తీసుకోండి. స్లైడింగ్ అయితే సగమే తెరుచుకుంటుంది, సందులూ ఎక్కువ.

తెరుచుకోవడం ముఖ్యం. కరెంటు పోయిన రాత్రి ఎవరి డబుల్ గ్లాసూ పనికి రాదు. ఈ విషయంలో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, ఏసీలకి స్టార్లు ఇచ్చే బీఈఈ, 2018లోనే ‘ఎకో నివాస్ సంహిత’ అని ఇళ్ల కోసం నియమావళి తెచ్చింది. హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణంలో తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, బయటికి తెరిచే తలుపులు అన్నీ కలిపి ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం ఉండాలని అందులో ఉంది. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికీ హద్దు పెట్టారు. కానీ ఆ 2018 నియమావళి పెట్టింది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకే. మా కాలనీలో 600 గజాల ఇల్లు ఎక్కడుంది? 150, 200 గజాల వాళ్లమే అంతా. ఉన్న వెంటిలేటర్లనీ ఏసీ కోసం సిమెంటుతో మూసేసుకుంటున్నాం.

నేను కోరేది పెద్దదేం కాదు. చిన్న ఇళ్లకి రూలు పెట్టమనడం లేదు, అనుమతుల కోసం జనం ఇప్పటికే తిరుగుతున్నారు. ఇంటి అనుమతి ఇచ్చేటప్పుడు కార్పొరేషన్ వాళ్లు దిక్కుల వారీగా కిటికీల గురించి తెలుగులో ఒక్క పేజీ కాగితం చేతికిస్తే చాలు. మన విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉంది, బిల్లు వెనక వైపు ఆ నాలుగు మాటలు అచ్చు వేయొచ్చు. ఏసీ మీద స్టార్లు అతికించి అమ్ముతున్నప్పుడు కిటికీ కొటేషన్ మీద రెండంకెలు రాయడానికి షాపులకి ఏం కష్టం?

మీరు కూడా ఆ వ్యాసానికి కొనసాగింపుగా దిక్కుల సంగతి రాయండి. ఫిబ్రవరిలోపే రాయండి. ఏప్రిల్ వచ్చిందంటే మా దగ్గర వెల్డింగ్ వాళ్లు ఫోన్ ఎత్తరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వడ్డేపల్లి, హనుమకొండ.