కూవంలో నల్ల ఈగ పుట్టదు

సంపాదకులకు,

ఎండలు ముదిరితే ఈగలూ దోమలూ పెరుగుతాయి, వాటితోపాటు రోగాలూ పెరుగుతాయి అనే ఒక్క ముక్కతో రివర్ బ్లైండ్‌నెస్‌ను, అంటే నల్ల ఈగ కాటుతో ఒంట్లో చేరే సన్నని పురుగు వల్ల దురదా చివరికి గుడ్డితనమూ తెచ్చే రోగాన్ని, కూడా డెంగీ సరసన కట్టేసే రాతలు కనిపిస్తున్నాయి. చెన్నైలో కూవం నది పక్కనో, బకింగ్‌హామ్ కాలువ పక్కనో కాపురముండేవారు వాటిని చదివి కంగారుపడితే తప్పులేదు. కానీ ఈ రోగాన్ని మోసే నల్ల ఈగ, అంటే సిమ్యూలియం, మురుగులో గానీ నిలవ నీటిలో గానీ పుట్టదు. మిరప తోటల్ని పాడుచేసే నల్ల తామర పురుగు వేరు, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

దీని లార్వాకు కావలసింది పరుగు నీరు. రాళ్ల మీదా, నీటిలోకి వేలాడే ఆకుల మీదా తానే అల్లుకున్న పట్టు పోగులకు తోక కొక్కేలు తగిలించుకుని, తల మీది కుంచెల్లాంటి వెంట్రుకలతో ప్రవాహం మోసుకొచ్చే తిండిని వడగట్టుకుంటుంది. నీరు ఆగితే తిండీ ఆక్సిజనూ రెండూ కరువే. అందుకే వానకూ ఈగకూ లెక్క సూటిగా కుదరదు. వానలు బాగా పడి వాగులు పారితే కొత్త చోట్ల పుడతాయి. మరీ వరదొస్తే లార్వాలు కొట్టుకుపోతాయి. వేసవిలో చిన్న వాగులు ఎండితే పెద్ద నదుల్లో రాళ్ల మీదుగా నీరు ఉరికే చోట్లే మిగులుతాయి. ఆనకట్టదీ ఇదే తీరు: వెనక నిలిచిన నీరు ఉరవడి చోట్లను ముంచేస్తుంది, ముందున్న పొర్లుకట్టు మీద కొత్త చోటు తయారవుతుంది.

వేడి పని మరోలా ఉంటుంది. రోగి చర్మం నుంచి ఆడ ఈగ పీల్చుకున్న పిల్ల పురుగులు మళ్లీ మనిషికి అంటుకునే దశకు ఎదగడానికి వెచ్చని రోజుల్లో వారం పడుతుంది. చల్లబడితే పది పన్నెండు రోజులు, ఇంకా చల్లబడితే ఎదుగుదలే ఆగిపోతుంది. ఈగ మూడు నాలుగు రోజులకోసారి కుడుతుంది. అంటే వెచ్చని చోట మూడో కాటుకే రోగం దాటవచ్చు, చల్లని చోట నాలుగో ఐదో కాటు దాకా ఈగ బతికుండాలి. అంతకాలం బతికేవి కొన్నే. చల్లని ప్రాంతాల్లో ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా లెక్క మారేది ఇక్కడే. అయితే వేడి మరీ ముదిరితే ఈగ ఆయుష్షూ తగ్గుతుంది, పురుగు ఎదిగేలోపే ఈగ రాలిపోతుంది. కాబట్టి ఈగల సంఖ్య ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. పట్టిన ఈగల్ని కోసి, ఎన్ని ఇదివరకే గుడ్లు పెట్టిన ముదురు ఈగలో, ఎన్నింటి తలలో ఎదిగిన పురుగులున్నాయో చూడాలి.

పశ్చిమ ఆఫ్రికాలో 1974 నుంచి 2002 వరకు సాగిన నియంత్రణ కార్యక్రమంలో హెలికాప్టర్లతో వారం వారం నదుల్లో లార్వాలను చంపే మందు టెమెఫాస్ పోశారు. మన సంపుల్లో వేసే అబేట్ అదే. సంపులో లీటరుకు 1 మిల్లీగ్రాము చాలు. నదిలో మోతాదు ప్రవాహాన్ని బట్టి తేలాలి. సెకనుకు 10 ఘనపు మీటర్లు పారే నదిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము చొప్పున 10 నిమిషాలు నిలవాలంటే 600 గ్రాముల అసలు మందు కావాలి. అదే నది పదింతలు పొంగితే 6 కిలోలు. ప్రవాహాన్ని తక్కువ అంచనా వేస్తే లార్వాలు బతుకుతాయి, ఎక్కువ వేస్తే మిగతా జలచరాలకు చేటు. ఒకే మందును ఏళ్ల తరబడి వాడినందుకు 1980 నాటికి ఈగలు దానికి లొంగడం మానేశాయి. అక్కణ్నుంచి మందులు మార్చి మార్చి వాడారు. బీటీఐ బ్యాక్టీరియా మందు మంచిదే గానీ ఎక్కువ మొత్తంలో పొయ్యాలి, అందుకే దాన్ని నీరు తగ్గిన కాలానికే ఉంచారు. మందు పడిన నదుల మీదకు వానగాలులు వందల కిలోమీటర్ల నుంచి కొత్త ఈగల్ని మోసుకొచ్చేవి. గాలివాటు మారితే ఆ దారీ మారుతుంది, ఈ సంగతి ఎవరూ రాయరు.

మన దేశంలో ఈ ఈగలు లేవని కాదు. హిమాలయ వాగుల దగ్గరా, ఈశాన్య రాష్ట్రాల్లోనూ, నీలగిరుల్లోనూ కుడతాయి. లేనిదల్లా మనిషి నుంచి మనిషికి ఆ పురుగు తిరిగే గొలుసు. రోగుల్లో 99 శాతానికి పైగా ఆఫ్రికాలోనే ఉన్నారు. ఆ ఖండంలో ఈ రోగాన్ని వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట గుర్తించిన దేశం నైజర్, అదీ 2025లో.

చెన్నైవాసులకు పనికొచ్చే జాగ్రత్త వేరే ఉంది. పనుల కోసం మధ్య, పశ్చిమ ఆఫ్రికా నదుల పక్కన నెలల తరబడి ఉండి వచ్చినవారికి విడవని దురద, చర్మం కింద గడ్డలు కనిపిస్తే, ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. చర్మం నుంచి చిన్న ముక్క తీసి సెలైన్‌లో వేసి చూస్తే పురుగులు బయటపడతాయి. బోదకాలు అనుకుని డీఈసీ మాత్రలు ఇస్తే, కంట్లో ఉన్న పురుగులు ఒక్కసారిగా చచ్చి చూపుకే ముప్పు తేవచ్చు. ఈ రోగానికి ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌నూ సొంతంగా మింగకూడదు. మధ్య ఆఫ్రికాలో తిరిగే లోవా పురుగు కూడా ఒంట్లో దండిగా ఉంటే, ఆ మందు మెదడు మీద దెబ్బ తీస్తుంది.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై